మా పేరున తీర్పు ప్రకటించే ముందు: దశాబ్దపు ఉత్తమ చిత్రాల ఓటింగ్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు సినిమా వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానళ్లు, సామాజిక మాధ్యమ పేజీలు నడుపుతున్న సంపాదకులకు, నిర్వాహకులకు. అభిమాన సంఘాల బాధ్యులకు

విషయం: ‘2010–2019 దశాబ్దపు ఉత్తమ తెలుగు చిత్రం’ పేరిట జరుగుతున్న ఓటింగ్ పద్ధతిని సరిదిద్దవలసిందిగా వినతి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము తెనాలిలో వారాంతాల్లో ఒకచోట చేరి తెలుగు సినిమాల గురించి మాట్లాడుకునే కొద్దిమంది ప్రేక్షకులం. మాలో బడిపంతులు ఉన్నారు, మందుల దుకాణం నడిపేవారు ఉన్నారు, ఒకప్పుడు టాకీసులో ఆపరేటరుగా పనిచేసినవారు ఉన్నారు, డిగ్రీ చదువుతున్న పిల్లలు ఉన్నారు. మాకు సంఘం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఏ హీరో పక్షమూ కాదు. నిజం చెప్పాలంటే ప్రతి హీరో పక్షానా మాలో ఎవరో ఒకరు ఉన్నారు. గత దశాబ్దపు ఉత్తమ చిత్రాన్ని తేల్చడానికి ఒక వెబ్‌సైట్ పదహారు చిత్రాలతో నాకౌట్ పోటీ పెట్టినప్పుడు, అందులో మాకు కనిపించిన లోపాలను వివరిస్తూ నిర్వాహకులకు ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. పోస్టు కింద అదే విషయాన్ని మర్యాదగా అడిగితే ఆ వ్యాఖ్యను తొలగించారు. కొద్ది రోజులకు ‘తెలుగు ప్రేక్షకుల తీర్పు’ అన్న శీర్షికతో ఫలితం వెలువడింది. ఆ ప్రేక్షకుల్లో మేమూ ఉన్నాం కనుక, ఆ తీర్పు ఎలా వచ్చిందో అడిగే హక్కు మాకు ఉందని భావించి ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం. ఆ వెబ్‌సైట్ పేరు రాయడం లేదు. మేము గమనించినంతవరకు చాలామంది ఇదే పద్ధతిని పాటిస్తున్నారు, తప్పు ఒక్కరిదే అనడం న్యాయం కాదు.

విడుదలైన రెండో వారానికే సినిమా మాట మరుగున పడిపోయే రోజుల్లో, పదేళ్ల వెనకటి చిత్రాలను మళ్లీ చర్చకు తెస్తున్నది మీరే. అందుకు మీకు కృతజ్ఞతలు. ఆ చర్చ జరిగే తీరు గురించే మా బాధ.

‘సరదాకి పెట్టిన పోటీకి ఇంత రాద్ధాంతమా’ అని కొందరు అంటున్నారు. సరదా అయితే సరదా అనే రాయండి, మాకు అభ్యంతరం లేదు. కానీ ఫలితం వచ్చాక దానిని ఎవరూ సరదాగా వాడుకోవడం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 నుంచి ఇస్తూ వచ్చిన నంది పురస్కారాలు 2014, 2015, 2016 సంవత్సరాలకు కలిపి 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించడం, వాటిపై పెద్ద వివాదం రేగడం, ఆ తర్వాత ఆ ప్రకటనలే ఆగిపోవడం మీకు తెలిసినదే. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలు ఇచ్చింది 2025 జూన్‌లో. అప్పుడే 2014 నుంచి 2023 వరకు వచ్చిన చిత్రాలకూ సంవత్సరానికి మూడేసి చొప్పున గుర్తింపు ఇచ్చారు. అంటే ఈ మధ్యలో చాలా ఏళ్లపాటు ఏది మంచి తెలుగు సినిమా అని ఇక్కడి ప్రభుత్వాలు ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీలోకి మీ పోటీలు వచ్చాయి. మీరు కోరుకున్నా కోరుకోకపోయినా, కొత్తగా సినిమా చూడటం మొదలుపెట్టిన పిల్లవాడికి మీ జాబితాయే నంది అయింది.

ఇలాంటి ఓటింగులో మనం గెలిచినప్పుడు పద్ధతి గురించి అడగలేదన్నదీ ఒప్పుకోవాలి. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా ఒక జాతీయ ఆంగ్ల వార్తా ఛానల్ ఆన్‌లైన్‌లో ఓట్లు అడిగితే ‘మాయాబజార్’ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. తెలుగువారందరం పొంగిపోయాం. ఆ ఓట్లు ఎవరు వేశారు, ఒక్కొక్కరు ఎన్ని వేశారు అని మనలో ఎవరూ అడిగినట్టు లేదు. ‘మాయాబజార్’ ఆ గౌరవానికి తగినదే. ఆ ఓటింగ్ పద్ధతి తగినదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ విడదీసి చూడమనే మేము కోరుతున్నాం.

ఇక పద్ధతి విషయానికి వద్దాం.

ఓటు మొదలుకాక ముందే సగం ఫలితం తేలిపోతున్నది, ఎందుకంటే ఏ చిత్రాలు పోటీలో ఉండాలో ముందే ఎవరో నిర్ణయిస్తున్నారు. మేము ప్రస్తావించిన పోటీలో ఆ పదహారు చిత్రాలను ఎవరు, దేని ఆధారంగా ఎంచారో ఒక్క వాక్యం కూడా లేదు. జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రాలుగా 2012కు ‘ఈగ’, 2013కు ‘నా బంగారు తల్లి’, 2014కు ‘చందమామ కథలు’, 2015కు ‘కంచె’, 2016కు ‘పెళ్ళి చూపులు’, 2017కు ‘ఘాజీ’, 2018కు ‘మహానటి’, 2019కు ‘జెర్సీ’ నిలిచాయి. 2015లో దేశం మొత్తానికి ఉత్తమ చిత్రంగా ఎంపికైన ‘బాహుబలి’ వీటికి అదనం. జాతీయ పురస్కారమే గీటురాయి అని మేము అనడం లేదు. కానీ మనుషుల అక్రమ రవాణాపై తీసిన ‘నా బంగారు తల్లి’ ఆ పదహారింటిలో ఎందుకు లేదని అడిగితే, ‘దానికి ఓట్లు రావు’ అన్నది సమాధానం కాకూడదు. ఓట్లు వస్తాయో రావో తేల్చవలసింది ఓటర్లు కదా.

అలాగే ‘మిథునం’ లేదు. మా తెనాలికి దగ్గరలోని వేమూరు ప్రాంతంలో పుట్టిన శ్రీరమణ గారి కథను తనికెళ్ళ భరణి గారు 2012లో తెరకెక్కించగా, బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు ఇద్దరే సినిమా మొత్తాన్నీ మోశారు. ‘కేరాఫ్ కంచరపాలెం’ లేదు, ‘మల్లేశం’ లేదు. ఈ చివరి రెండింటినీ గద్దర్ పురస్కారాల న్యాయనిర్ణేతలు 2018, 2019 సంవత్సరాల మూడేసి చిత్రాల్లో చేర్చారు. సర్కారు కమిటీకి కనిపించినవి సినిమానే శ్వాసగా బతికే వెబ్‌సైట్లకు కనిపించకపోవడం మాకు వింతగా తోచింది.

రెండోది ఓటు వేసే తీరు. ఆ పేజీని మామూలుగా తెరిచి ఓటు వేస్తే ‘మీ ఓటు నమోదైంది’ అని వస్తుంది. అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో (ముందు చేసినది గుర్తుంచుకోని బ్రౌజర్ విండోలో) తెరిస్తే మళ్లీ ఓటు బటన్ కనిపిస్తుంది. వేసి, విండో మూసి, మళ్లీ తెరిస్తే మళ్లీ కనిపిస్తుంది. మా డిగ్రీ కుర్రాడొకడు టీ చల్లారేలోపు ఇది అందరికీ చేసి చూపించాడు. ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) పెట్టే పోల్ దీనికంటే కొంత నయం, ఖాతాకు ఒక్క ఓటే. కానీ ఒక మనిషికి ఎన్ని ఖాతాలుంటాయో మీకు మాకంటే బాగా తెలుసు. పైగా అందులో నాలుగుకు మించి పేర్లు ఇవ్వడం కుదరదు, ఏడు రోజులకు మించి నడపడం కుదరదు. పదేళ్ల సినిమాను నాలుగు గడుల్లో ఇరికించినప్పుడు మిగిలేది ఏదో చెప్పనక్కర్లేదు. ఒక రాత్రి ఒక చిన్న సినిమా ఒక అగ్ర హీరో సినిమా మీద స్పష్టమైన ఆధిక్యంలో ఉండగా, ‘మనం వెనకబడ్డాం, అందరూ దిగండి’ అన్న మాటతో లింకు గ్రూపుల్లోకి వెళ్లింది. తెల్లారేసరికి లెక్క తారుమారైంది. ఆ రాత్రి ఓటు వేసినవారిలో ఎందరు ఆ చిన్న సినిమా చూసి ఉంటారు?

అసలు చిక్కు అక్కడే ఉందని మా అభిప్రాయం. మీ ఓటింగుల్లో ‘ఏది ఉత్తమం’ అని అడుగుతారు, ‘రెండూ చూశారా’ అని అడగరు. ఒక ఊహా లెక్క చూడండి. వెయ్యి మంది ఓటర్లలో పెద్ద సినిమాను 960 మంది, చిన్న సినిమాను 120 మంది, రెండింటినీ 110 మంది చూశారనుకుందాం. రెండూ చూసిన ఆ 110 మందిలో 75 మంది చిన్న సినిమాయే గొప్పదన్నారనుకుందాం. పెద్దది మాత్రమే చూసిన 850 మంది, చిన్నది మాత్రమే చూసిన 10 మంది సహజంగానే తమకు తెలిసినదానికే ఓటేస్తారు. ఏదీ చూడని 30 మంది ఓటు వేయరనుకుందాం. అప్పుడు పెద్ద సినిమాకు 885, చిన్నదానికి 85 ఓట్లు. ‘91 శాతం ప్రేక్షకుల తిరుగులేని తీర్పు’ అని థంబ్‌నెయిల్ పడుతుంది. పోల్చి చూడగలిగినవారిలో మూడింట రెండు వంతుల మంది దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పారన్న సంగతి ఎక్కడా కనిపించదు. చిన్న సినిమాను వెతుక్కుని వెళ్లి చూసినవారికి దాని మీద ముందే మొగ్గు ఉంటుంది కాబట్టి ఆ 75 మంది మాటనూ పూర్తిగా నమ్మలేమని ఎవరైనా అంటే, ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే రెండు లెక్కలూ పక్కపక్కన ప్రచురించమంటున్నాం. ఏది నమ్మాలో చదివేవారు తేల్చుకుంటారు.

నాకౌట్ పద్ధతితో మరో తిరకాసు. 2018లో వచ్చిన ‘రంగస్థలం’, ‘మహానటి’ మొదటి రౌండులోనే ఎదురెదురుగా పడితే ఒకటి అక్కడే ఇంటికి పోతుంది, వాటికి సాటిరానివి సెమీఫైనల్‌కు వెళ్లి కూర్చుంటాయి. ‘బాహుబలి’ రెండు భాగాలను ఒక చిత్రంగా లెక్కించాలా, రెండుగానా? రెండుగా అయితే ఒకే దర్శకుడివి ‘మర్యాద రామన్న’, ‘ఈగ’తో కలిపి నాలుగు చిత్రాలు బరిలో ఉండి, ఆయన్ను అభిమానించేవారి ఓట్లు చీలిపోతాయి. (ఈ నాలుగింటిలో ‘ఈగ’ పరిస్థితి మరీ జాలి. కథానాయకుడు మొదట్లోనే చనిపోయి ఈగగా పుడతాడు; ఈగలకు ఇంకా ఎవరూ అభిమాన సంఘం పెట్టినట్టు లేదు.)

దశాబ్దం ఎక్కడ మొదలవుతుందో కూడా ఒకరికీ ఒకరికీ పొంతన లేదు. 2011 నుంచి 2020 అని ఎవరైనా లెక్క పెడితే 2010లో వచ్చిన ‘లీడర్’, ‘ఏ మాయ చేశావె’, ‘ప్రస్థానం’, ‘వేదం’ ఒక్క దెబ్బకు బయటికి పోయి, ‘అల వైకుంఠపురములో’, ‘కలర్ ఫోటో’ లోపలికి వస్తాయి. ఏదో ఒకటి ఎంచుకోవడం మీ ఇష్టం, అది ముందే చెప్పడం మీ బాధ్యత. మేము ఒక ఆదివారం కాగితాల మీద తలా పది పేర్లు రాసుకున్నప్పుడు ఒక పెద్దాయన ‘మగధీర’ రాశారు. తేదీ చూస్తే 2009 జూలై. ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. అదే కాగితాల్లో 2018, 2019 చిత్రాలు కుప్పలుగా ఉంటే, ‘ప్రస్థానం’ రాసింది ఒక్కరే. ఆ ఒక్కరు సాయికుమార్ పాత్ర గురించి చెప్పడం మొదలుపెట్టాక మరో ముగ్గురు తమ కాగితం వెనక్కి తీసుకుని దిద్దుకున్నారు. జ్ఞాపకం అలా పనిచేస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో ముగిసే ఓటుకు ఆ అవకాశం ఉండదు.

ఈ లోపాల వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఏమిటో వరుసగా చెబుతాం.

1. చూసేవారు నష్టపోతున్నారు. వారంలో ఒక్క సాయంత్రం ఖాళీ దొరికే కుటుంబం, ఏం చూద్దామని వెతికినప్పుడు ముందుగా తగిలేది ‘దశాబ్దపు టాప్ 10’ జాబితాయే. అందులో అప్పటికే టీవీలో నాలుగుసార్లు చూసిన చిత్రాలే ఉంటే వారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. కిడ్నీ అమ్మి అయినా మనవణ్ణి వడ్డీ వ్యాపారి చెర నుంచి విడిపించుకుందామని నగరానికి వచ్చే తాత కథ ‘వేదం’లో ఉందని, అది తమ ఊళ్లో తాము చూసిన బతుకేనని వారికి ఎవరు చెబుతారు?

2. చిన్న సినిమా తీసేవారు నష్టపోతున్నారు, అందరికంటే ఎక్కువగా వీరే. విశాఖపట్నంలోని కంచరపాలెంలో ఉండే మనుషులనే చాలావరకు నటులుగా పెట్టి, నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లి కాని ఒక అటెండరు చుట్టూ వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశారు. తెరమీద ముఖాలు ఎవరికీ తెలియవు, కటౌట్ కట్టడానికి ఎవరూ లేరు. అలాంటి సినిమాకు ఉన్న ఆస్తి ఒక్కటే: చూసినవారి మాట. ‘మల్లేశం’ సంగతీ అంతే. చీర నేయడానికి ముందు ఆసు పోసేటప్పుడు (దారాన్ని మేకుల చుట్టూ తిప్పేటప్పుడు) తల్లి చేయి రోజంతా వేలసార్లు అటూ ఇటూ ఆడవలసి రావడం, ఆమె భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి తంటాలు పడి యంత్రం తయారు చేయడం, 2017లో పద్మశ్రీ అందుకోవడం నిజంగా జరిగినవే. చేనేత ఇళ్లలో పుట్టిన ప్రేక్షకులకు ఆ సినిమాలోని ప్రతి చప్పుడూ తెలుసు. కానీ వారు రాత్రి పదకొండుకు హ్యాష్‌ట్యాగ్ కొట్టేవారు కారు. చూసినవారి మాట లెక్కలోకి రాని పోటీలో ఇలాంటి చిత్రాలు ఓడిపోవడమే కాదు, అసలు లేనట్టే అవుతాయి. మరోసారి అలాంటి కథతో వెళ్లే దర్శకుడికి నిర్మాత ముందు చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

3. మళ్లీ విడుదలయ్యే చిత్రాలనూ ఈ సందడే ప్రభావితం చేస్తున్నది. 2010లో థియేటర్లలో నిరాశపరిచిన ‘ఖలేజా’ను తర్వాత జనం టీవీలో చూసి చూసి అక్కున చేర్చుకున్నారు, 2025లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు కళకళలాడాయి. ప్రేక్షకుల నెమ్మదైన తీర్పు ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 2023లో ‘ఈ నగరానికి ఏమైంది’కీ అదే ఆదరణ దక్కింది కనుక ఈ భాగ్యం అగ్ర హీరోలకే అని అనలేం. కానీ ఓటింగ్ సందడిలో పేరు వినిపించేది ఎక్కువగా వారి చిత్రాలదే కనుక, ఈ భాగ్యమూ ఎక్కువగా వారికే.

4. చదువుకునే పిల్లలు తప్పు నేర్చుకుంటున్నారు. మీ ఫలితాలు విజ్ఞాన సర్వస్వాల పేజీల్లోకి, క్విజ్ ప్రశ్నల్లోకి ఎక్కుతాయి. ఎవరు ఎన్ని ఓట్లు వేశారో తెలియని లెక్క, రెండేళ్లు గడిచాక ‘అందరికీ తెలిసిన విషయం’ అయి కూర్చుంటుంది.

5. మాట్లాడేవారు నోరు మూసుకుంటున్నారు. మా బృందంలోని ఒక అమ్మాయి, ఒక అగ్ర హీరో చిత్రం కంటే తనకు ‘మల్లేశం’ నచ్చిందని, ఎందుకు నచ్చిందో మూడు పేరాల్లో వివరంగా రాసింది. సినిమా గురించి ఒక్కరు మాట్లాడలేదు. ఆమె తల్లిని, ఆమె రూపాన్ని, ఆమె కులాన్ని గురించి మాట్లాడారు. ఆమె ఖాతా మూసేసుకుంది. నిర్వాహకులు ఆ వ్యాఖ్యలను తొలగించలేదు. పద్ధతి గురించి మేము అడిగిన ప్రశ్నను తొలగించడానికి మాత్రం వారికి తీరిక దొరికింది. ఈ ఒక్క విషయంలో మా స్వరం కొంచెం పెరిగితే మన్నించాలి.

ఓటింగును సరైన పద్ధతిలో నడపడం సాధ్యం కాని పని అనుకుంటే పొరపాటు. లండన్ నుంచి వెలువడే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకొకసారి ప్రపంచంలోని ఉత్తమ చిత్రాల కోసం ఓటు నిర్వహిస్తున్నది. ముందే ఇచ్చే జాబితా ఉండదు. ఓటు వేసేవారు తమకు తోచిన పది పేర్లు రాస్తారు, ఒక్కో పేరుకు ఒక్కో ఓటు. 2022లో 1,600 మందికి పైగా విమర్శకులు, ప్రదర్శనలకు చిత్రాలను ఎంపిక చేసే ప్రోగ్రామర్లు, పరిశోధకులు పాల్గొంటే, బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్మాన్ 1975లో తీసిన చిత్రం మొదటి స్థానంలోకి వచ్చింది. మన ‘పథేర్ పాంచాలి’ 35వ స్థానంలో నిలిచింది. ఆ ఫలితం మీద ప్రపంచమంతా కొట్లాడుకుంది. కొట్లాడుకోవడానికి వారి దగ్గర సరుకు ఉంది: ఎవరు ఏ పది పేర్లు రాశారో పత్రిక ప్రచురించింది. అది విమర్శకుల ఓటు, మనది అభిమానుల ఓటు, రెండూ ఒకటి కావు. ఓటర్ల పేర్లు వేయమని మేమూ అడగం. కానీ పేర్లు తీసేసి ఓటు పత్రాలు బయటపెట్టడానికి డబ్బు ఖర్చు కాదు, మనసు ఉంటే చాలు.

కనుక మేము కోరుతున్నవి ఇవి.

1. పోటీ మొదలయ్యే ముందు నియమాలు తెలుగులో ప్రకటించండి: దశాబ్దం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రెండు భాగాల చిత్రం ఒకటా రెండా, నేరుగా ఓటీటీలో వచ్చినవి చెల్లుతాయా, ఒక మనిషి ఎన్నిసార్లు ఓటు వేయవచ్చు.

2. ముందే వండిన జాబితాను మానేసి, ప్రతి ఓటరునూ పది పేర్లు స్వయంగా రాయనివ్వండి. ఆన్‌లైన్ ఫారంలో పది ఖాళీ గడులు పెట్టడం నాకౌట్ పట్టిక గీయడం కంటే కష్టం కాదు. గుర్తు తెచ్చుకోవడానికి కావాలంటే ఆ పదేళ్లలో విడుదలైన చిత్రాల పూర్తి జాబితాను పక్కన ఉంచండి, హీరో పేరు మీద కాకుండా విడుదల తేదీ వరుసలో. గడువు కనీసం ఒక నెల ఇవ్వండి.

3. జాబితా పెట్టి తీరాలనుకుంటే, ప్రతి చిత్రం పక్కనా ‘చూశాను’, ‘చూడలేదు’ అన్న రెండు గడులు పెట్టండి. మొత్తం ఓట్లతోపాటు, చూసినవారిలో ఎంతమంది ఎంచుకున్నారన్నదీ ప్రచురించండి. అబద్ధం చెప్పేవారు ఉంటారు, తెలుసు. అందరూ చెప్పరు.

4. ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ ద్వారానో మరో విధంగానో ఒకరికి ఒకే ఓటు ఉండేలా చూడండి. ఆ నంబర్లు లెక్క ముగిశాక చెరిపేస్తామని రాతపూర్వకంగా చెప్పండి. అది చేయలేకపోతే ‘ఇది సరదా పోటీ, ప్రజాభిప్రాయం కాదు’ అన్న వాక్యాన్ని ఫలితం పోస్టరు మీదే, హీరో ముఖం ఎంత స్పష్టంగా ఉంటుందో అంత స్పష్టంగా వేయండి.

5. పోస్టరు మీద దర్శకుడి, రచయిత పేర్లు ఉండాలి. ‘అలా మొదలైంది’, ‘ఓ బేబీ’ రెండూ నందినీ రెడ్డి తీశారని మీ పోస్టర్లు చూసినవారికి ఎప్పటికీ తెలియదు.

6. కుటుంబాల మీద, కులం మీద, ఆడవారి మీద రాసే వ్యాఖ్యలను అదే రోజు తొలగించండి. తొలగించడానికి మనుషులు లేరంటే వ్యాఖ్యలు మూసేసి ఓటింగ్ నడపండి.

అభిమాన సంఘాల బాధ్యులకు విడిగా ఒక మాట. మీ హీరో సినిమాకు ఓటు వేయవద్దని మేము చెప్పడం లేదు, మాలోనూ బెనిఫిట్ షో టికెట్టు కోసం తెల్లవార్లూ నిలబడినవారు ఉన్నారు. లింకు పంపేటప్పుడు ‘మన సినిమాతోపాటు మీరు చూసిన మరో తొమ్మిది మంచి సినిమాలకూ వేయండి’ అని ఒక వాక్యం చేర్చండి. పది పేర్ల పద్ధతిలో ఇతర సినిమాలకు వేసిన ఓటు మీ సినిమాకు వచ్చిన ఓటును తగ్గించదు. మీ గ్రూపుల్లో తిట్లకు తెర లేపేవారెవరో మీకు తెలుసు. వారిని ఆపగలిగేది పోలీసులు కాదు, మీరే.

2020 నుంచి 2029 వరకు లెక్కకు ఇంకా సమయం ఉంది. కానీ ‘ఈ దశాబ్దంలో ఇప్పటివరకు ఉత్తమం’ అంటూ పోటీలు అప్పుడే మొదలయ్యాయి కనుక, పై నియమాలను వచ్చే పోటీ నుంచే అమలు చేయవలసిందిగా కోరుతున్నాం. 2010–2019 చిత్రాల జాబితాను విడుదల తేదీలతో తయారు చేసే పని మేము ఇప్పటికే మొదలుపెట్టాం. పూర్తయ్యాక ఏ నిర్వాహకులు అడిగినా ఉచితంగా ఇస్తాం. ఓట్ల లెక్కింపులో చేయి కావాలంటే ఆదివారాలు వచ్చి కూర్చుంటాం. పద్ధతి మార్చడం మీకు సమ్మతం కాకపోతే, ఎందుకు కాదో మీ పేజీలోనే బహిరంగంగా రాయండి. ఈసారి ఆ పోస్టు కింద మేము రాసే వ్యాఖ్యను దయచేసి ఉంచండి.

ఇట్లు,
కొందరు ప్రేక్షకులు,
తెనాలి